బాతులు లేచే చోట

"అక్కడ డ్రమ్ములు కాదు బాబూ."

అరవై వాయిద్యాలు ఒక్కసారి ఆగిన క్షణంలో, హాలు వెనక వరసలోంచి వచ్చిందా మాట.

స్వరకర్త చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. తిరిగి చూశాడు. నలిగిన చొక్కా, భుజాన గుడ్డ సంచీ, ఒక ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు.

"నువ్వేం వాయిస్తావయ్యా?"

"ఏమీ వాయించను."

"స్వరాలు చదవడం వచ్చా?"

"రాదు."

"మరి నోరు మూసుకుని కూర్చో."

వయొలిన్ల వాళ్ళు కిసుక్కుమన్నారు. ముసలాయన కూర్చున్నాడు.

స్వరకర్తకు ఆ రోజంతా ఒళ్ళు మండుతూనే ఉంది. మూడేళ్ళ కష్టం అది. ఊరి చివర మడుగు గురించి, పటాలు గీసే ఉద్యోగి ఒకాయన రాసిన చిన్న పుస్తకం అతని కంట పడింది. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా ఆ మడుగులో పుట్టే ప్రతి చప్పుడూ అందులో ఉంది. రెల్లు రాసుకోవడం, చేప ఎగిరి పడడం, కొంగ అడుగు తీసి అడుగు వెయ్యడం. చదువుతుంటే చెవుల్లో వినపడేది. ఒక నటి ఆ పుస్తకం చదువుతుంటే వెనక ఆర్కెస్ట్రా వాయించేలా దానికి సంగీతం కట్టాడు. రాసినాయన పోయి రెండేళ్ళయింది. ఆయన కూతురు ఉత్తరంలోనే అనుమతి ఇచ్చింది. ఆ ఇంటివాళ్ళెవరినీ అతను చూడలేదు, చూడాలనీ అనుకోలేదు.

మర్నాడు ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి కప్పల దగ్గర అడ్డుపడ్డాడు. కప్పలన్నీ ఒక్కసారి నోరు మూయవట. మనిషి నడిచొచ్చే పక్కనుంచి ఒక్కొక్కటే ఆగుతూ వస్తాయట.

స్వరకర్త పుస్తకం తీసి, ఆ పేజీ అందరికీ వినపడేలా చదివాడు.

"'కప్పలు ఆగిపోయాయి.' అంతే ఉంది. ఒక పక్కనుంచి అని ఉందా?"

"లేదు. రాసేటప్పుడు వదిలేశాడు."

"ఓహో. పక్కనే కూర్చుని చూశావా?"

"ఊఁ."

ఈసారి హాలంతా నవ్వింది. నటి మాత్రం నవ్వలేదు. తన కాగితం మీద పెన్సిలుతో ఏదో గీత పెట్టుకుంది.

మూడో రోజు వాచ్‌మన్‌కు గట్టిగా చెప్పినా ముసలాయన ఎలాగో లోపలికి వచ్చేశాడు. బాతుల గుంపు లేచే చోటు రాగానే డ్రమ్ములు దడదడలాడాయి. ఆయన నడవలోంచి ముందుకు నడిచి వచ్చాడు.

"బాబూ, కప్పలు ఆగాక కాసేపు ఏమీ ఉండదు. ఊపిరి బిగబట్టి వదిలేంతసేపు. తర్వాత ముందు నీళ్ళు. తడిబట్ట ఉతికినట్టు. రెక్కలు ఆ తర్వాతే."

"నీ బాతుల్ని నువ్వు వేపుకు తిన్నావో, కూర వండుకున్నావో నాకనవసరం. ఇది సంగీతం. ఈయన్ని బయటికి పంపండి."

వాచ్‌మన్ రెక్క పట్టుకున్నాడు. ముసలాయన పెనుగులాడలేదు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగాడు.

"ఆ మడుగు పూడ్చేశారు బాబూ. ఇక ఎవరైనా వినాలంటే ఇక్కడే వినాలి."

తలుపు మూసుకుంది.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. కప్పలు ఆగిపోయాయన్న వాక్యం చదివి నటి ఆగింది. రిహార్సల్‌లో ఎప్పుడూ ఆగని చోట, ఊపిరి బిగబట్టి వదిలేంతసేపు. స్వరకర్త గతుక్కుమని, పైకెత్తిన చెయ్యి దించలేదు. హాల్లో వెయ్యి మంది కదలడం మానేశారు. ఎవరికీ కనపడని నీళ్ళు అందరి ముందూ పరుచుకున్నాయి.

అప్పుడు డ్రమ్ములు మోగాయి. ఆ నీళ్ళు కాస్తా ఇంకిపోయాయి.

చప్పట్లు బాగానే కొట్టారు. అతనికి మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ముసలాయన కోసం వాచ్‌మన్‌ను పంపాడు. అటూ ఇటూ వాకబు చేయించాడు. ఎవరూ ఎరగమన్నారు. డ్రమ్ములు తీసేసి, తనకు తోచినట్టు నాలుగు రకాలుగా రాసి చూశాడు. ఒక్కటీ నీళ్ళలా లేదు.

పది రోజుల తర్వాత రచయిత కూతురు వచ్చింది. ప్రదర్శనకు రాలేకపోయినందుకు క్షమించమంది. ప్రదర్శన రోజు పొద్దునే వాళ్ళ బాబాయి పోయాడట. నిద్రలోనే.

"రిహార్సల్స్‌కి నేను రాలేననే ఆయన్ని మీ దగ్గరికి పంపానండీ. మూడు రోజులూ వచ్చాడుగా?"

స్వరకర్త చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఆయన... ఎవరో చెప్పలేదమ్మా."

"నేనూ అదే అడిగాను. వాళ్ళు అడగలేదమ్మా అన్నాడు."

అతను, మీ నాన్నగారి పక్కన ఆయన కూడా మడుగు దగ్గర కూర్చునేవారా అని అడిగాడు.

ఆమె అతని వంక వింతగా చూసింది.

"నాన్నకి పదో ఏటే జ్వరమొచ్చి చెవులు పోయాయండీ, ఆ పుస్తకంలో చప్పుళ్ళన్నీ బాబాయి విని చెప్తే, పెదాలు చూసి నాన్న రాసుకున్నవే."