తొమ్మిది రోజుల కాగితం

"ఇవాళ కూడా కాలేదా అంకుల్?"

అనువాదకుడు తలెత్తలేదు. ఒకే ఒక్క ఉర్దూ కాగితానికి తొమ్మిది రోజులు తీసుకున్న మనిషి ఏ మొహం పెట్టుకుని ఎత్తుతాడు?

"రాత సరిగ్గా అర్థం కావడం లేదమ్మా," అని నసిగాడు.

పక్క బల్ల దగ్గర టైపిస్టు ఊరుకోలేదు. "ఇంతకంటే కోడి కెలికిన రాతలు పొద్దున్న ఇస్తే మధ్యాహ్నానికి చేసిచ్చారు. దీనికేం వచ్చింది?"

"నాలుగింటికి వీసా ఆఫీసు కౌంటరు మూసేస్తారు అంకుల్. ఈలోపు అమ్మ విడాకుల పత్రానికి సీలు వేసిన అనువాదం ఇవ్వకపోతే ఫైలు కొట్టేస్తారు. ఇక అమ్మని ఇక్కడికి తెచ్చుకోలేను. నేనే చేసుకుందామంటే నాకు ఉర్దూ మాట్లాడ్డమే గాని చదవడం రాదాయె."

ఆయన గోడ గడియారం వంక చూశాడు. తప్పు తనదే. నావల్ల కాదని మొదటిరోజే చెప్పుంటే ఈ పిల్ల పొరుగూరెళ్ళయినా చేయించుకునేది. చెప్పలేదు. రేపు రమ్మన్నాడు, ఎల్లుండి రమ్మన్నాడు. వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి టీ తెప్పించాడు, చదువు గురించీ ఉద్యోగం గురించీ అడిగాడు. పని మాత్రం ముట్టుకోలేదు.

"అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

"మోకాళ్ళు పట్టేశాయి. ఒక్కతే మెట్లెక్కలేకపోతోంది."

"కబుర్లు తర్వాత," అని టైపిస్టు కసిరింది. "చెప్పండి, కొడతాను."

ఆయన చెప్పాడు. భార్యకు విడాకులిస్తున్నట్టు, ఏడు నెలల కూతురితో ఇకపై తనకే సంబంధమూ లేనట్టు. కాగితం వంక చూడకుండానే చెప్పాడు.

"రాత అర్థం కాలేదన్నారు?" అంది టైపిస్టు.

"అమ్మ ఇది రాసినాయన్ని ఒక్క మాట కూడా అనదు అంకుల్," అంది అమ్మాయి మెల్లగా. "నాకే ఒళ్ళు మండుతుంది."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

టైపిస్టు కాగితం ముందు పెట్టింది. "కింద మామూలు ప్రకటనే. ఈ పత్రంలో ఉన్నవాళ్ళెవరూ నాకు ఏమీ కారు అని. చుట్టాలైతే అనువాదం చెల్లదుగా. పేరక్కర్లేదు, సీలు మీద నంబరుంది. సంతకం గిలికేయండి, మూడుంబావయింది."

ఆయన కలం తీశాడు. పెట్టకపోతే ఆ తల్లికి ఇక్కడికి రావడం కుదరదు. పెట్టాడు.

"చచ్చి మీ కడుపున పుడతానంకుల్," అని నవ్వుతూ అమ్మాయి కాగితం లాక్కుని మెట్లు దిగి పరుగెత్తింది.

ఆ పిల్లతో తనకే సంబంధమూ లేదని ఆయన సంతకం పెట్టడం అది రెండోసారి.