తెగిన కొసలు

కెమెరా కటకాన్ని పిల్ల తలకి ఆనించగానే రూపాయి బిళ్ళంత మచ్చ తెరనిండా పరుచుకుంది. చర్మవ్యాధుల ఆస్పత్రిలో ఫొటోలు తీసే టెక్నీషియన్ కుర్చీ ముందుకి జరుపుకుని, కిందటి నెల ఫొటో పక్కన పెట్టుకుని చూసింది.

పేనుకొరుకుడు. పద్నాలుగేళ్ళ పిల్ల తలమీద మూడుచోట్ల జుట్టు ఊడిపోయింది. అమ్మా నాన్నా లేరు. నాలుగు నెలలుగా బాబాయే పని మానుకుని ఇంజెక్షన్లకి తిప్పుతున్నాడు. వచ్చినప్పుడల్లా ఫొటోలని కళ్ళింతలు చేసుకుని చూస్తాడు. ఎన్నాళ్ళకి నిండుతుందని అడుగుతాడు. కన్నతండ్రి కూడా ఇంత పట్టించుకోడని టెక్నీషియన్ ఎన్నోసార్లు అనుకుంది. పిన్ని మాత్రం గోడవారగా నిలబడి తెరవైపు కన్నెత్తి చూడదు.

ఆ రోజు బాబాయి మందులకని కిందికి వెళ్ళాడు. తెర చూస్తున్న టెక్నీషియన్ చెయ్యి ఆగిపోయింది. కొత్తగా మొలిచే వెంట్రుక కొస సూదిమొనలా సన్నగా ఉండాలి. వీటి కొసలు చదునుగా ఉన్నాయి. మూడు మచ్చల్లోనూ అంతే. మందు బాగానే పనిచేస్తోంది. వచ్చిన జుట్టుని ఎవరో మొదలంటా కత్తిరిస్తున్నారు.

"ఇంట్లో నీకు తల ఎవరు దువ్వుతారమ్మా?"

"పిన్ని," అంది పిల్ల, నేలచూపులు చూస్తూ.

గోడవారనున్న మనిషి ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

టెక్నీషియన్‌కి ఒళ్ళు మండింది. ఫొటోలు పట్టుకుని నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళింది. డాక్టరు బాబాయిని పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కేకలెయ్యలేదు. తాను చూసుకుంటానన్నాడు, అంతే. ఆ సాయంత్రమే భార్యని పుట్టింటికి పంపేశాడనీ, ఇప్పుడు తనే దగ్గరుండి మందు రాస్తున్నాడనీ తర్వాత తెలిసింది.

మూడు నెలలు గడిచేసరికి తెరమీద మచ్చల జాడే లేదు. బాబాయి ఆ ఫొటోని ఫోన్‌లో ఎక్కించుకుని, అక్కడికక్కడే ఎవరికో పంపాడు. ముఖం వెలిగిపోతోంది. బండి తీసి ఉంచుతానని చెప్పి కిందికి దిగాడు.

టెక్నీషియన్ పిల్ల గడ్డం పట్టుకుంది.

"ఇక నువ్వు ఇక్కడికి రానక్కర్లేదు. సంతోషమేనా?"

మెట్లమీద బాబాయి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా పిల్ల నోరు విప్పలేదు.

"జుట్టు నిండగానే పెళ్ళి చేసి పంపించేస్తానన్నాడక్కా బాబాయ్, అందుకే కత్తిరించమని పిన్ని కాళ్ళు పట్టుకున్నది నేనే."