మిగిలిన బస్తా

చెల్లెలి కొట్టుగది తలుపును అన్న గునపంతో పగలగొట్టాడు.

"నేను విత్తనాల దుకాణం పెట్టుకుని బతుకుతుంటే, నువ్వు ఊరందరికీ మేలురకం వేరుశనగ విత్తనం పంచిపెడతావా? తోడబుట్టినవాడి పొట్టే కొడతావా?"

గదిలో ఒక్క బస్తా మిగిలి ఉంది. చెల్లెలు దాని మీద బోర్లా పడి రెండు చేతులతో వాటేసుకుంది.

"నన్ను చంపినా సరే, దీన్ని మాత్రం పాడుచెయ్యకన్నా!"

ఆ మాటతో అతనికి ఒళ్ళు మండిపోయింది. గునపంతో ఆమె మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అతనికీ వినిపించింది. అయినా ఆగలేదు. జుట్టు పట్టి ఆమెను పక్కకు ఈడ్చేసి, గది మూలనున్న కిరోసిన్ బస్తా మీద కుమ్మరించి అగ్గిపుల్ల గీశాడు.

"ఇప్పుడు ఎవడికిస్తావో ఇవ్వవే!"

విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చెల్లెలు మంటకేసి చూస్తూ ఏడ్చింది.

"అందరికీ ఎప్పుడో ఇచ్చేశాను. నీ దుకాణం విత్తనం నీ చేలోనే మొలవలేదని తెలిసింది. మళ్ళీ విత్తుకుంటావని, ఎంతమంది అడిగినా ఇవ్వకుండా ఇది నీకోసమే ఆపాను."

అన్న ఉత్త చేతులతో మంట మీద పడ్డాడు. అరచేతులు కాలిపోతున్నా గింజల్ని దోసిళ్ళతో బయటికి లాగబోయాడు. నూనెగింజలకు అంటుకున్న మంట ఆరలేదు.

చివరికి చెల్లెలే, మిగిలిన ఒక్క చేత్తో, అతన్ని వెనక్కి లాగింది.