అతని మొదటి పాట

తళుకుల కోటు, కళ్లకు కాటుక, ఎత్తు మడమల బూట్లతో వేదికెక్కే ఆ రాక్ గాయకుడంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అతను కొట్టిన దెబ్బలకు భార్యకు ఎడమ చెవి వినికిడి పోయిందని కోర్టులో రుజువైన రోజు నాకు తల కొట్టేసినట్టయింది. పత్రికలో సంగీతం గురించి రాసేవాణ్ణి. మనసు చంపుకోలేక ఇలా రాశాను: "మనిషిని అసహ్యించుకుందాం. అతని మొదటి పాటను మాత్రం వదులుకోలేం."

అది అచ్చయిన మర్నాడు అతని భార్యే మా ఆఫీసుకు వచ్చింది. నన్ను దులిపేస్తుందని బిక్కచచ్చి లేచి నిలబడ్డాను.

"కూర్చో తమ్ముడూ. పాట గురించి బాగా రాశావు," అంటూ సంచిలోంచి చిన్న టేప్‌రికార్డర్ తీసి నొక్కింది.

అదే పాట. కానీ పాడుతున్నది ఒక అమ్మాయి. రెండో చరణం మధ్యలో ఆగిపోయి, "అయ్యో, ఇక్కడ ఇంకా మాటలు కుదరలేదు" అని తనలో తనే నవ్వుకుంది.

"ఈ గొంతు మీదేనా?"

ఆమె కుడి చెవి నావైపు తిప్పింది. మళ్లీ అడిగాను.

"నాదే. పాట కట్టిందీ నేనే, పెళ్లికి ముందు. రికార్డు మీద నా పేరు వెయ్యమని అడిగాను," అంది. "కొట్టింది అందుకే."