బడి పాట

ఆ చెంపదెబ్బ చప్పుడు లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్ ముందు నిలబడ్డ వాళ్ళందరికీ వినిపించింది.

కొట్టింది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. తిన్నది ఆరేళ్ళ మోనిషా.

అప్పటిదాకా ఆ పిల్ల పచ్చగడ్డి మీద గిరగిరా తిరుగుతూ బడిలో టీచర్ నేర్పిన పాట గొంతెత్తి పాడుతోంది. ఆ మనిషి గేటు వైపు నుంచి పరుగున వచ్చాడు. నోటి మీద వేలు పెట్టుకుని "ష్" అన్నాడు. తనతో ఆడుతున్నాడనుకుని మోనిషా ఇంకా గట్టిగా అందుకుంది.

అంతే, చెంప ఛెళ్ళుమంది.

తండ్రి శ్రీరామప్ప కాస్త అవతల వేరుశనక్కాయలు కొంటున్నాడు. హోసూరు దగ్గర రోజా తోట ఉన్న రైతు. ఆదివారం కదా అని భార్యనూ బిడ్డనూ పూలు చూపించడానికి బెంగళూరు తీసుకొచ్చాడు. అసలే కోపం ముక్కు మీద ఉండే మనిషి. లేకలేక పుట్టిన ఆ ఒక్క కూతురి మీద ఇన్నేళ్ళలో తనే చెయ్యి చేసుకోలేదు.

పొట్లం పారేసి వచ్చి, ఆ మనిషి నోటి మీద ఒక్క గుద్దు గుద్దాడు.

పన్ను ఊడి గడ్డిలో పడింది.

"నా బిడ్డ మీద చెయ్యేస్తావా? యాడోడివిరా నువ్వు?"

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి మాటకు బదులు రక్తం వచ్చింది. చేత్తో గేటు వైపు చూపించాడు.

"పారిపోవాలని చూస్తా ఉండావా?" శ్రీరామప్ప కడుపులో తన్నాడు.

జనం మూగారు. జనానికి కారణం అక్కర్లేదు, ఒకడు మొదలుపెడితే చాలు. "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంట" అన్నారెవరో. ఇంకెవరో చెప్పు తీశారు. పెద్దమనిషిలా కనబడే ఒకాయన గొడుగుతో వీపు మీద బాదాడు.

ఆ మనిషి తిరిగి చెయ్యెత్తలేదు. కింద పడి, మోనిషా వైపు చూస్తూ మళ్ళీ నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

కొళాయి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చిన శ్రీరామప్ప భార్య హేమావతి బిడ్డను కొంగులో దాచుకుంది.

"చూడప్పా, ఇంకా బెదిరిస్తా ఉండాడు!"

అప్పుడు గేటు వైపు అద్దాలు పగిలిన చప్పుడు అయింది. కర్రలూ సైకిల్ చైన్లూ పట్టుకుని ఒక గుంపు లోపలికి దూసుకొచ్చింది. ఇందాకటి వీరులంతా ఎటువాళ్ళటు జారుకున్నారు.

"ఇక్కడ తమిళ పాట పాడింది ఎవరు?" ముందున్నవాడు కన్నడంలో అరిచాడు.

శ్రీరామప్ప గబుక్కున కూతురి వైపు తిరిగి చూశాడు.

కన్నడిగులకూ తమిళులకూ మధ్య కావేరి నీళ్ళ గొడవ సద్దుమణిగిందని పేపర్లో చదివాకే అతను బయల్దేరాడు. అయినా వద్దని హేమావతి మొత్తుకుంది. "మనం తెలుగోళ్ళం. వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటే మనకేమి?" అని ఆమె నోరు మూయించాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కానీ హోసూరు బడిలో మోనిషా చదివేది తమిళం, పాడింది తమిళం. మూడు భాషలూ కలిసి వినపడే ఊళ్ళో పెరిగినవాడికి ఆ సంగతే తట్టలేదు.

"ఏ ఊరు మీది?"

"హోసూరు స్వామీ. మేము తెలుగోళ్ళం." కన్నడంలోనే చెప్పాడు.

"హోసూరంటే తమిళనాడే కదా! ఈ పిల్లను పాడమను, చూద్దాం."

చైను చుట్టుకున్న చెయ్యి మోనిషా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

మోనిషా పెదవులు బిగించుకుంది. చెంప మీద వేళ్ళ అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పాడితే మళ్ళీ కొడతారని భయం.

"పాడతావా, మీ నాయన తల పగలగొట్టమంటావా?"

కర్ర లేచింది. మోనిషా నోరు తెరిచింది.

అంతలో వెనక నుంచి పాట వినిపించింది.

నేల మీద పడి ఉన్న ఆ మనిషి మోచేతుల మీద లేచాడు. పగిలిన పెదవులతో మోనిషా పాడిన పాటే పాడుతున్నాడు. పూర్తిగా రాదు కాబోలు, ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ పాడాడు.

"వీడేరా!"

గుంపంతా అటు తిరిగింది. మోనిషా గడ్డం వదిలేశారు. మొదటి కర్ర అతని భుజం మీద పడింది, రెండోది తల మీద. ఎముక విరిగిన చప్పుడు శ్రీరామప్పకు వినిపించింది. చైను గాల్లోకి లేచినప్పుడల్లా రక్తం గడ్డి మీద చిమ్మింది.

"నిలబడినావేమప్పా, పరిగెత్తు!" హేమావతి అతని చెయ్యి పట్టి లాగింది.

పరిగెత్తారు. చెట్ల చాటున దాక్కున్నారు. అక్కడికీ పాట వినిపించింది, కాసేపటికి ఆగిపోయింది.

పోలీసు ఈలలకు గుంపు చెదిరిపోయాక శ్రీరామప్ప ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆ చెంపదెబ్బే తన బిడ్డను కాపాడిందని అర్థమైంది. ఎవరో తమిళాయన, తమ జాతి పిల్ల అనుకుని అడ్డం పడ్డాడు పాపం అనుకున్నాడు.

పూలకుండీల పక్కన ఒక ఆడమనిషి ఆ మనిషి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

శ్రీరామప్ప ఆమె ముందు కూలబడ్డాడు. మొదట కొట్టింది తనేనని చెప్పి కాళ్ళు పట్టుకోవాలని తమిళంలో మొదలుపెట్టాడు.

ఆమెకు ఒక్క మాటా అర్థం కాలేదు. ఏడుస్తూ కన్నడంలో అంది.

"తమిళోడని మా ఇంటాయనను చంపేసినారంట స్వామీ! మాది మండ్య, ఆ కావేరి నీళ్ళతోనే వరి పండించుకునేవాళ్ళం, ఈయనకు తమిళం ఒక్క ముక్క కూడా రాదు."