మచ్చల్లేని అలివేలమ్మ

“అయిపోయిందమ్మా, ఇంక చూడు,” అంటూ చిత్రకారుడు చెన్నకేశవ పటాన్ని ఇటు తిప్పాడు.

పటంలో నున్నటి బుగ్గల ఆడమనిషి, మెరిసే పట్టుచీరలో, చేతిలో విసనకర్రతో కూర్చుని ఉంది. అలివేలమ్మ తన ముఖం తడుముకుంది.

“అమ్మవారు పోసిన మచ్చలు యాడప్పా?”

“నూరేండ్ల కిందట స్పెయిన్ దేశం నుంచి ప్యారిస్‌కు పోయిన ఒక గొప్ప చిత్రకారుడు ఉండెనమ్మా. పటం గీయించుకుంటూ ఆయన ముందర కూర్చునేదానికి ఆడ దొరసానులు కాచుకోనుండిరి. ఆయన పట్టుబట్ట గీస్తే చేత్తో తాకాలనిపిస్తుంది. ముఖానికి మాత్రం మచ్చ పెట్టడు. మద్రాసులో నేను నేర్చింది ఆ పద్ధతే.”

“ఓహో! డబ్బుండేవాళ్ల ముఖాలకు సున్నం కొట్టి బతికినాడా మహానుభావుడు!”

“నోరు ముయ్యే,” అన్నాడు భర్త జయరామప్ప. “సూళగిరిలో కరెంటు దీపాలుండే ఇండ్లే నాలుగు. ఇట్లాంటి పటం ఎవురింట్లో ఉంది?”

“మా అమ్మ ముఖం నాకు గురుతు లేదు. నా బిడ్డలకైనా నా ముఖం ఉండాలని కూర్చున్నాను. ఆ అమ్మవారు నన్ను బతికించి పెట్టిపోయిన గురుతులు చెరిపేస్తే ఇది నేనెట్లయితాను?”

జయరామప్ప పటానికి దగ్గరగా జరిగి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. పెళ్లయిననాటి నుంచి ఆమెను ఆయన అలా చూసింది లేదు.

“మచ్చలు వద్దని చెప్పింది నేనేలే,” అన్నాడు, చూపు తిప్పకుండానే.

అలివేలమ్మ కుర్చీలోంచి లేచింది.

“పొయ్యి మీద ఎసరు కాగుతా ఉంది. సంగటి ఆ పటంలో ఉండే ఆమెనే కెలకమను,” అని వీధిలోకి నడిచింది.