రెండో సాక్షి

"ఆ రోజుల్లో బంగారుతీగ చేపను ఒంటె మీద అడ్డంగా వేస్తే, తల ఒకపక్కా తోక ఒకపక్కా నేలకు రాసుకునేవి," అన్నాడు తొలెగెన్ తాత, టీ గిన్నె కింద పెడుతూ.

రౌషన్ నవ్వు ఆపుకుని నోటుపుస్తకంలో పొడవు రాసింది. వెంటనే కొట్టేసి అందులో సగం వేసింది. తాత ఏం చెప్పినా సగానికి కోసి రాసుకోవాలని ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. చదువుకున్న పిల్ల మరి.

ఆల్మాటీలో సముద్ర జీవశాస్త్రం ఎమ్మెస్సీ చేస్తోంది. అరల్ సముద్రం నిండుగా ఉన్ననాడు చేపలు ఎక్కడెక్కడ గుడ్లు పెట్టేవో పటం గీయాలి. ఆ సముద్రం పోయి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడక్కడ ఉప్పూ, దుమ్మూ, ఎవరివో తెలియని ఒంటెలూ. పాత కాగితాలు దొరకలేదు. అందుకని ఊళ్ళో జీపు దిగుతూనే, ఇక్కడ అందరికన్నా పెద్దవారెవరని అడిగింది. ఎనభై ఆరేళ్ళ తొలెగెన్ తాతను చూపించారు. మా దగ్గర విందులో గొర్రె తలకాయ వయసులో పెద్దవారి ముందే పెడతారు, మాటా వారిదే.

ఆ వేసవంతా తాతను జీపులో ఎక్కించుకుని ఎండిన సముద్రం మీద తిరిగింది. ఆయన కర్రతో పొడిచి, ఇక్కడ ఏడు నిలువుల లోతు అనేవాడు. ఆమె మూడున్నర అని రాసేది. వెనక సీట్లో ఎనభై నాలుగేళ్ళ కుల్మిర్జా తాత తోడుగా వచ్చేవాడు. ఫ్లాస్కులోంచి టీ పోయడం ఆయన వంతు. పలకరిస్తే తల వంచి నవ్వేవాడు, అంతే. చెవుడు కాబోలనుకుని రౌషన్ రోజూ ఆయన చెవి దగ్గర గావుకేక పెట్టి మరీ సలాం చెప్పేది.

శీతాకాలంలో ఆల్మాటీకి తిరిగి వెళ్ళాక, యూనివర్సిటీలో ఆమె గైడు సపారొవా పటం చూసి కళ్ళజోడు తీసింది.

"ఒక్క ముసలాయన మాట మీద సముద్రం గీశావా? రెండో సాక్షి ఏడీ? మే నెలలోగా తేకపోతే నీ డిగ్రీ సంగతి మరిచిపో."

రౌషన్‌కు వెనక సీటు గుర్తొచ్చింది.

దారిలో మంచు కరగగానే ఏప్రిల్‌లో బయలుదేరింది. చేరేసరికి కుల్మిర్జా తాత లేడు; పోయిన నలభయ్యో రోజున పెట్టే విందు కూడా ముందునాడే అయిపోయింది. ఆయన భార్య బతిమా అవ్వ ఏడుపు పక్కన పెట్టి ముందు టీ పోసింది. నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టెలు ముందుకు తోసింది.

"తిను, నా ఒంటెపిల్లా. ఆయన పేరు మీద చేసినవి."

గోడ మీద ఒక ఫొటో ఉంది. చేపల పడవ మీద పన్నెండు మంది కుర్రాళ్ళు.

"చుక్కాని దగ్గరున్నది మా ఆయనే," అంది అవ్వ. "పదిహేడేళ్ళు నడిపాడు. ఎక్కడ ఎంత లోతో, ఏ చేప ఎక్కడ గుడ్డు పెట్టిందో ఏ రోజుకారోజు రాసుకునేవాడు."

రౌషన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. ఆ పుస్తకాలేవని అడిగింది.

"నువ్వు తినే రొట్టెలు కాలింది వాటితోనే. పుల్లలు తడిసిపోతే పొయ్యిలో పెట్టాను. సముద్రమే లేదు, ఇంకెవరికమ్మా ఆ లెక్కలు?"

చేతిలోని ముక్క కింద పెట్టేసింది. వేసవంతా నా వెనకే కూర్చుని తాత ఒక్క మాటైనా చెప్పలేదేమవ్వా అంది.

"పెద్దాయన మాట్లాడుతుంటే చిన్నవాడు నోరెలా తెరుస్తాడు? ఇంటికొచ్చాక గోడతో చెప్పుకునేవాడు."

రౌషన్ కళ్ళు తుడుచుకుంది. మనిషి పోయాడు, పుస్తకాలూ పోయాయి. ఫొటో ఉందిగా. తొలెగెన్ తాతా ఆ పడవ మీదే పనిచేసి ఉంటాడు; అది చూపిస్తే సపారొవా ఏమంటుంది? ఆయన మాటకు ఆ బొమ్మే సాక్ష్యం. గోడ మీంచి దించి, గాజు మీది దుమ్ము చేత్తో తుడిచి, పన్నెండు ముఖాలూ ఒక్కొక్కటే వెతికింది. దొరకలేదు. వయసుతో మనిషి ఎంత మారతాడో అనుకుంది.

"ఇందులో తొలెగెన్ తాత ఎవరవ్వా?"

అవ్వ ఫొటో వంకా, ఆమె వంకా వింతగా చూసింది.

"ఆయన గొర్రెలు తోలుకుని ఈ ఊరొచ్చింది సముద్రం ఎండిపోయాక కదమ్మా."